మాట తగలని పసరు

తెల్లరాళ్లపేటలో రాహేలమ్మ నోరు మూసుకుని నడుస్తా ఉందంటే చుట్టుపక్కల ఎవరికో పచ్చకామెర్లు వచ్చినట్టే. తక్కిన దినాల్లో ఆ నోటికి ఆపు లేదు. జొన్నలు విసిరేటప్పుడు విసుర్రాయితో మాట్లాడేది. పొయ్యి రాజుకోకపోతే పుల్లల్ని తిట్టేది. దారిన పోయే మేకను నిలబెట్టి దాని తల్లి ఎంత మంచిదో, ఎన్ని పాలిచ్చేదో చెప్పి పంపించేది. మొగుడు ఏసేపు గుట్టకాడ బండలు కొట్టే మనిషి. పగలంతా పదిమంది సుత్తుల మధ్య కూర్చుని, ఈడ శానా నెమ్మదిగా ఉండాది అనేవాడు. పసరు పెట్టే దినాల్లో మాత్రం ఆయన చీకటితోనే లేచి అరుగు మీద కూర్చునేవాడు. పెండ్లాం మాట్లాడని ఆ గంటసేపు నిద్రలో పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

పసరు కట్టుబాటు అట్లాంటిది. పొద్దు పొడవక ముందే లేచి, మొగం కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా గుట్టెక్కాల. ఆకు తుంచి పిడికిట్లో పట్టుకోవాల. దిగొచ్చి, నూరి, గుడ్డలో వేసి పిండి, ఆ పసరు మేకపాలల్లో కలిపి రోగి నోట్లో పోయాల. అది గొంతు దిగేదాకా పెట్టేవాళ్ల మాట గానీ తాగేవాళ్ల మాట గానీ ఆకు మీద పడకూడదు. పడితే పసరు చచ్చిపోతుంది. ఇట్లా మూడు పొద్దులు. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు, ఒక తమలపాకు కూడా. ఇంకొకటి, రోగి గానీ రోగి ఇంటివాళ్లు గానీ గడపకాడికి వచ్చి నోరు తెరిచి అడగాల. తానై పోయి నీకు కామెర్లుండాయి రా అని పిలిచి పెట్టకూడదు. ఇవన్నీ రాహేలమ్మకు అత్త నేర్పింది. ఆకు ఏదో చూపించింది కూడా ఆమే. ఆకు పేరు మటుకు ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఆ సోమవారం జమీలాబీకి మూడో పొద్దు. జమీలాబీ గాజులమ్మే హజరత్ వలి భార్య. మూడు దినాల ముందే ఓర్వకల్లు నుంచి వచ్చి, రాహేలమ్మ ఇంటి అరుగు మీదనే దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. రాహేలమ్మ పిడికిలి బిగించుకుని గుట్ట దిగుతా ఉంటే చెంబు చేత పట్టుకుని దాసన్న ఎదురొచ్చినాడు. ఆయన సంఘపెద్ద. పేటలో గుడి కట్టినప్పటి నుంచి గుడి తాళం ఆయన మొలతాడుకే వేలాడుతా ఉండేది.

"స్తోత్రమమ్మా రాహేలమ్మా" అన్నాడు దాసన్న.

పేటలో ఒకరు స్తోత్రమంటే రెండోవాళ్లు స్తోత్రమనాల. అనకపోతే దేవునికి ఇవ్వాల్సింది మింగినట్టు. రాహేలమ్మ తల ఊపింది. పిడికిలి ఎత్తి చూపించింది. దాసన్నకు ఆ పొద్దు ఏమి పుట్టిందో, మళ్లీ ఇంకొంచెం గట్టిగా అన్నాడు. ఆమె దారి పక్కకు జరిగింది. మూడోసారి ఆయన అన్నదానికి కొండమీద గొర్రెలు కాసే మనిషి అంత దూరం నుంచి స్తోత్రమని బదులు పలికినాడు గానీ రాహేలమ్మ పలకలేదు. పైగా ఆమె పెదాలు గబగబా కదులుతా ఉన్నాయి. దాసన్న చెంబు పట్టుకుని అట్లనే నిలబడిపోయినాడు. ఎందుకు బయలుదేరినాడో మరిచిపోయి, నిండు చెంబుతోనే ఇంటికి తిరిగొచ్చినాడని వరమ్మ తర్వాత చెప్పింది. వరమ్మ ఆయన భార్య.

పొద్దెక్కేసరికి ఫిర్యాదు ఉపదేశి దగ్గరికి పోయింది. దేవునికి స్తోత్రం చెప్పలేదు గానీ సైతానుకు పెదాలు ఆడించింది, నా కండ్లతో చూసినా అన్నాడు దాసన్న.

ఉపదేశి ఏసురాజు వచ్చి నాలుగు నెలలయింది. పాతికేళ్లు లేవు. రాజంపేట పక్క మనిషి. కర్నూల్లో చదువుకుని, ఎంత ఎండలోనైనా మెడదాకా గుండీలు పెట్టుకునే కోటు వేసుకుని తిరిగేవాడు. మాట్లాడితే వాక్యం చదివినట్టే ఉండేది. వచ్చే ఆదివారం కర్నూలు నుంచి మిషను దొర వస్తున్నాడు. మూడు నెలలకొకసారి దొర వచ్చి ప్రభు బల్ల దగ్గర రొట్టె విరిచి, గిన్నె ఇచ్చేది అప్పుడే. సంఘం శుభ్రంగా ఉండాలని ఉపదేశి పట్టుదల. ఆ సాయంకాల ప్రార్థనలో లేచి, మంత్రము వేయువారికి బల్ల లేదు, అట్టివారి గడపకు పోయి అడుగువారికిని బల్ల లేదు అని చదివినాడు. రాహేలమ్మ అందరి ముందర నిలబడి, నాకు మంత్రము లేదు, నేనేమియు చదువుట లేదు అని తన నోటితో చెబితే సరి. చెప్పకపోతే ఆదివారం దొర ముందర ఆమె పేరు చదివి బయటికి పంపుతారు.

గుడిలో అందరూ రాహేలమ్మ వైపు తిరిగినారు. ఆమె లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. మళ్లీ కూర్చుంది.

ఎందుకంటే రాహేలమ్మకు నిజంగానే మంత్రం లేదు. అది ఏసేపుకు కూడా తెలియని సంగతి. ఆకు చూపించిన అత్త మంత్రం చెప్పకుండానే కన్నుమూసింది. రాహేలమ్మ ముప్పై ఏండ్లుగా ఉత్త ఆకే నూరి పోస్తా ఉంది. ఆదివారం లేచి ఆ మాట చెబితే బల్ల దక్కుతుంది. కానీ ఉత్త ఆకు కోసం రెండు ఆమడల నుంచి ఎవరొస్తారు? చెప్పకపోతే పసరు నిలుస్తుంది, బల్ల పోతుంది.

ఆ బల్ల ఆమెకు చిన్న సంగతి కాదు. ఊర్లో ఏ ఇంటిముందు దప్పికన్నా పైనుంచి పోస్తే దోసిలిపట్టి తాగాల్సిందే. ఒంటికి నీళ్లు చిందితే అవతలివాళ్లే దూరం జరుగుతారు. మూడు నెలలకొక్కసారి, ఆ బల్లకాడ, దొర పెదవి తగిలించిన గిన్నెనే తన చేతికిస్తే తన పెదవి తగిలించి తాగుతుంది. ఆ దినం కోసం చౌడు మన్నుతో ఉతికిన తెల్లచీర ఒకటి పెట్టెలో మడిచి ఉంటుంది. ఆ రాత్రి ఆమె సంగటి కూడా సరిగ్గా కెలకలేదు. ఉండలు ఉండలుగా ఉంటే ఏసేపు ఏమీ అనకుండా ఉండలే ఏరుకుని తిన్నాడు.

మంగళవారం ఉపదేశి ఇంటికే వచ్చినాడు. రాహేలమ్మ అరుగు మీద చేట పట్టుకుని కొర్రలు చెరుగుతా ఉంది. ఆయన్ను చూడగానే నిన్నటినుంచి లోపల పేరుకున్నదంతా మొదలుపెట్టింది. తాను బాప్తిస్మం తీసుకున్న నాడు వాగులో నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, అప్పటి దొర గడ్డం ఎట్లా తడిసిందో, దాసన్న ఆ దినం నీళ్లకు భయపడి ఎవరి చెయ్యి పట్టుకున్నాడో, అన్నీ. చెరుగుతా చెబుతా ఒకసారి తలెత్తి ఉపదేశి మొగం చూసింది. చేట ఆగిపోయింది. మాట నడిమధ్యనే ఆగిపోయింది.

ఆయన కండ్లు పచ్చగా ఉన్నాయి.

తెల్లగుడ్డు అంచునుంచి మొదలయింది. గోళ్లు కూడా మారుతున్నాయి. ఇంకో రెండు దినాలైతే ఒళ్లంతా పాకుతుంది. రాహేలమ్మ నోరు తెరిచింది, మూసింది. పిలిచి పెట్టకూడదు. నీ కండ్లు పచ్చగుండాయి అని తాను అంటే అది పిలిచినట్టే.

ఆమె పెదాలు కొట్టుకోవడం చూసి ఉపదేశి మెత్తబడినాడు. పశ్చాత్తాపము మీలో పనిచేయుచున్నది అన్నాడు. ఆమె కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. అవి ఎందుకు తిరిగినాయో ఆయనకు తెలిస్తే అంత తృప్తిగా లేచిపోయేవాడు కాదు.

సాయంత్రం ఏసేపును పట్టుకుని, నేను నీకు చెప్తా, నువ్వు పోయి ఆయనకు చెప్పు అంది. ఏసేపు చుట్ట ఆర్పి ఆలోచించినాడు. నువ్వు చెప్తే నేను పోయి చెప్పినప్పుడు ఆ మాట ఎవరిది అన్నాడు. అది తనదే. రాహేలమ్మ పొయ్యిలో పుల్లను రెండుసార్లు తోసింది.

పేటలో కండ్లున్నవాళ్లందరికీ ఆ పచ్చదనం కనపడుతూనే ఉంది. చెప్పేవాళ్లు లేరు. చెబితే, మరి రాహేలమ్మ దగ్గరికి పోప్పా అని చెప్పినట్టే అవుతుంది, అప్పుడు చెప్పినవాళ్ల బల్ల కూడా పోతుందేమోనని భయం. ఆ వారం ఉపదేశికి అన్నం పంపించే వంతు వరమ్మది. తట్ట ఎట్లా పోయిందో అట్లా తిరిగొచ్చేది. ఉపవాసముంటాండాడు, బల్లకు తయారైతాండాడు, మనకూ ఉండారు తినేదానికే పుట్టినవాళ్లు అని దాసన్న తట్టలోని చియ్యల కూర ఎముకలతో సహా తానే తింటా వరమ్మకు చెప్పినాడు. ఉపదేశి పట్టపగలు గుడి గోడకు ఆనుకుని కండ్లు మూసుకుంటే అది ప్రార్థన. రంగు మారితే, మొగంలో తేజస్సు వచ్చిందన్నాడు దాసన్న. ఉపదేశి కూడా నమ్మినాడు. అన్నం చూస్తే వాంతికి రావడం లోకాశలు వీడిపోవడమే అనుకున్నాడు.

బుధవారం పొద్దెక్కినాక హజరత్ వలి వచ్చినాడు. భుజం మీద గాజుల మలారం, నడుముకు అద్దాలు, దువ్వెనలు పెట్టుకునే సంచి. జమీలాబీ రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నదని చెప్పేదానికి వచ్చినాడు. ఏమీ పుచ్చుకోదని తెలుసు కాబట్టి చేతులు జోడించి, అక్కా నీ పిల్లాపాపలు సల్లగుండాల అన్నాడు. రాహేలమ్మ అతనికి మజ్జిగ పోసింది. కొసరి కొసరి మాట్లాడే మనిషి, ఆ దినం మజ్జిగలో ఉప్పు చాలిందా అని మాత్రం అడిగి ఊరుకుంది. ఆమె చూపు గుడివైపే ఉంది. గుడి ఆమె అరుగుకు ఎదురుగానే ఉండేది.

హజరత్ వలి మలారం ఎత్తుకుని గుడి ముందరనుంచి పోతా పోతా ఆగినాడు. గోడనీడన ఉపదేశి కూర్చుని ఉన్నాడు. హజరత్ వలి ఒక అడుగు వెనక్కి వేసినాడు. ఇంకో అడుగు దగ్గరికి వేసి వంగి చూసినాడు. ఏదో అన్నాడు. ఉపదేశి తల అడ్డంగా ఊపినాడు. హజరత్ వలి మలారం నేలమీద పెట్టి, సంచిలో చెయ్యి పెట్టి, అరచేయంత అద్దం తీసి ఇచ్చినాడు. ఉపదేశి అద్దాన్ని ఎండవైపు తిప్పినాడు. వేలితో కింది రెప్ప లాగి చూసుకున్నాడు. అద్దం కోటు చేతికి తుడిచి మళ్లీ చూసుకున్నాడు. ఈసారి రెండో కన్ను. తర్వాత అద్దం తిరిగిచ్చి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

రాహేలమ్మ చేతిలో ముంత పట్టుకుని ఇదంతా చూస్తా నిలబడింది. గుండె మీదినుంచి బండ దించినట్టయింది. హజరత్ వలికి బల్ల లేదు, సంఘం లేదు, భయం లేదు. అతనికెవరూ చెప్పమని చెప్పలేదు కూడా.

ఎండ నడినెత్తికొచ్చినాక ఉపదేశి ఆమె గడప ముందరికి వచ్చినాడు. పేటలో సగంమంది పనికి పోయినారు. మిగిలిన సగం తలుపు సందుల్లో ఉన్నారు. ఎదురింటి ముందర వరమ్మ జొన్నలు దంచుతా రోకలి ఎత్తింది ఎత్తినట్టే పట్టుకుంది.

ఎండ మెండుగా ఉన్నది అన్నాడు ఉపదేశి. ఉండాది అంది రాహేలమ్మ. భూమి మీది ఆకులన్నియు దేవుడు చేసినవే అన్నాడు. అవును నాయనా అంది. చేసినప్పుడు అవి మంచివని ఆయన చూచెను అన్నాడు. చూసే ఉంటాడు అంది. కాబట్టి ఆకు స్వతహాగా పాపము కాదు అన్నాడు. ఎట్లయితాది అంది. ఆయన ఆగినాడు. ఆమె ఆగింది. ఆమె దవడలు రెండూ రుబ్బురాయి మాదిరి తిరుగుతా ఉన్నాయి.

"మీరేదో చెప్పదలచినట్టున్నారు."

"నేను చెప్పకూడదు నాయనా. నువ్వే చెప్పల్ల."

ఉపదేశి వీధి ఆ చివరా ఈ చివరా చూసినాడు. కోటు పై గుండీ తీసినాడు. అది ఆయన పేటకు వచ్చినాక మొదటిసారి తీయడం. మాట మొదలుపెడితే వాక్యం రాలేదు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మాట వచ్చింది.

"నా కండ్లు పచ్చగైనాయి. ఈడ నాకు ఎవురూ లేరు. పసరు పెట్టమ్మా."

"పెడతా నాయనా" అంది రాహేలమ్మ, ఆయన ఆఖరు మాట పూర్తికాకముందే. "ముందు ఆ కోటిప్పు, ఉడికిపోతాండావు."

మంత్రము మాత్రము వేయకూడదు అన్నాడాయన గడపలోనే నిలబడి. రేపు పొద్దున నా వెనకనే గుట్టెక్కి నీ చెవులతో నువ్వే విను అంది రాహేలమ్మ. ఎదురింట్లో వరమ్మ రోకలి అప్పుడు కిందికి దిగింది.

బేస్తవారం పొద్దు పొడవక ముందే ఇద్దరూ బయలుదేరినారు. ఆ గుట్టంతా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే రాళ్లు. రాళ్ల సందుల్లో తేమ ఉన్నచోట ఆ ఆకు మొలుస్తుంది. రాహేలమ్మ వంగి, ఆకుచుట్టూ గడ్డి తీసి, గోటితో తుంచి పిడికిట్లో పెట్టుకుంది. ఉపదేశి ఆమె మొగం మీద చెవి పెట్టినంత దగ్గర వంగినాడు. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. ఆమె అడుగు వేయబోతే, "పెద్దమ్మా, ముల్లు" అన్నాడు.

రాహేలమ్మ ఆయనవైపు చూసి, పిడికిలి విప్పి ఆకు పారేసింది. ఇంకా పైకెక్కింది. రెండో ఆకు తుంచింది. దిగేటప్పుడు ఉపదేశికి తుమ్ము వచ్చింది. తుమ్మినాక అలవాటుగా దేవా అన్నాడు. ఆ ఆకు కూడా పోయింది. మూడోది తుంచకముందు ఆమె ఆయన భుజం మీది పైగుడ్డ కొస తీసి ఆయన నోట్లో కుక్కింది. నాలుగు నెలల్లో వారానికి మూడు ప్రసంగాలు చేసిన మనిషి అట్లా గుడ్డ కరుచుకుని, గుర్రుగుర్రుమని ఊపిరి పీలుస్తా గుట్ట దిగినాడు. అరుగు మీద ఏసేపు ఇద్దర్నీ చూసి, సంతోషం పట్టలేక లేచి నిలబడినాడు.

పసరు గొంతు దిగినాక రాహేలమ్మకు మాట్లాడే అనుమతి వచ్చింది. ఆకులు రెండు పాడుచేసినందుకు ఒక దఫా తిట్టింది. తుమ్మేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటే ఆయన కూడా తుడుచుకోవల్ల గదా అంది. నూనె, చింతపండు, ఉప్పు తగలకూడదు, మజ్జిగ కలిపిన కొర్రన్నమే తినల్ల అని రెండుసార్లు ఒప్పజెప్పించుకుంది. ఉపదేశి అంతా విని, మీ పెదవులు కదిలినవి, మాట వినపడలేదు, ఏమి చదివితిరి అని అడిగినాడు.

రాహేలమ్మ ఏసేపును బావికి పంపించింది. కుండ నిండుగా ఉన్నా పంపించింది.

"ఏం చదవల్యా నాయనా. మాట లోపల ఆపుకుంటే పెదాలు వాటంతటవే కొట్టుకుంటాయి."

"మరి మంత్రము?"

"మా అత్త నాకు చెప్పల్యా. నీ నోట్లో పడితే పొద్దెక్కేలోగా ఓర్వకల్లు సంతలో వినపడతాది అనింది. ఎంత బతిమాలినా చెప్పకుండానే పాయ."

ఉపదేశి భుజాలు కదిలినాయి. దగ్గు అనుకుని ఆమె వీపు నిమరబోయింది. దగ్గు కాదు, నవ్వు. ఒంట్లో బాగలేని మనిషి నవ్వలేక కడుపు పట్టుకుని నవ్వినాడు. తర్వాత, అయితే ఈ మాటే ఆదివారము చెప్పుడి, అంతటితో తీరిపోవును అన్నాడు.

రాహేలమ్మ పసరు పిండిన గుడ్డ ఉతికి, విదిలించి, పొయ్యి పక్కన ఆరేసింది. ఉత్త ఆకయితే మేకలు కూడా తింటాండాయి అంది. ఇది నోరుకట్టుకుని తెచ్చింది, ఏదో చదివి ఇచ్చింది అని నమ్మి, ఆ చేదు మూడు పొద్దులు మింగుతారు. నమ్మకం లేకుంటే రెండో పొద్దే మానేస్తారు. మూడు తాగందే దిగదు. నా దగ్గర మంత్రం లేదని తెలిస్తే బల్లకాడ నేనుంటా, ఎవరో ఒకరి బిడ్డ కామెర్లతో పోతాది. నువ్వెవరికీ చెప్పనని ఒట్టు పెట్టు అంది. ఒట్టు పెట్టకూడదు అన్నాడు ఉపదేశి. అయితే మాటియ్యి అంది. ఆయన లేచి, గుడ్డనుంచి నీళ్లు కారేచోట ఒక ముంత పెట్టి వచ్చినాడు. చివరకు మాటిచ్చినాడు.

శుక్రవారం రెండో పొద్దు ఆయన గుడ్డ తానే నోట్లో పెట్టుకున్నాడు. శనివారం మూడో పొద్దుకు గుడ్డ అక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నం వరమ్మ పంపిన కొర్రన్నం తట్ట కడిగినట్టు తిరిగొచ్చింది. ఇంకొంచెముంటే పంపమన్నాడని కబురు కూడా వచ్చింది. పసరు సంగతి ఎవరూ చెవిన వేయని దాసన్న దిగులుపడినాడు. రేపు బల్ల పెట్టుకుని నేడు ఉపవాసం విడిచినాడే అని సాయంత్రందాకా గొణిగినాడు.

ఆదివారం ఎండ ముదరకముందే దొర జట్కా వచ్చింది. పొడుగాటి మనిషి, ఎర్రటి మెడ. రొట్టె తెల్లగుడ్డలో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుని వచ్చినాడు. రాహేలమ్మ తెల్లచీర కట్టుకుని, తన చోట్లో, కిటికీ పక్క గోడకానుకుని కూర్చుంది. ఏసేపు మొగవాళ్ల వైపు కూర్చుని తన చేతివేళ్లు చూసుకుంటా ఉన్నాడు. పాట అయింది. ప్రార్థన అయింది. ఉపదేశి కాగితం తీసినాడు. నిలబడి చెప్పదలచినది ఏమైనా ఉన్నదా అని రాహేలమ్మను అడిగినాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈ దినము ప్రభు బల్లకు రాకూడనివారు. రాహేలమ్మ."

ఆమె లేచింది. చీర వెనక దులుపుకుంది. ఎవరినీ చూడకుండా గుడి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుంది. ఎండ చురుక్కుమంటా ఉంది. లోపల ఉపదేశి గొంతు ఇంకేదో చదివింది. తర్వాత గుసగుసలు. తర్వాత ఎవరో నడిచొచ్చిన చప్పుడు. తలెత్తితే ఉపదేశి. కోటు గుండీలన్నీ పెట్టుకుని, బండకు ఆ కొసన కూర్చున్నాడు.

"ఏం నాయనా, కడుపులో తిప్పుతాండాదా?"

"లేదు."

"మరి ఈడికెందుకొస్తివి? లోపల నువ్వే గదా చదవల్ల."

"చదివినాను. రెండో పేరు నాది. గడపకు పోయి అడిగినవారికి బల్ల లేదని నేనే చెప్పితిని. అడిగితిని."

రాహేలమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. గొంతు తగ్గించి, నా సంగతి చెప్పినావా అంది. చెప్పలేదు, మీకు మాటిచ్చితిని గదా అన్నాడు. ఆమె బండ మీద కొంచెం జరిగి, తన కొంగు నీడ ఆయన మీదికి పడేట్టు పట్టుకుంది.

తర్వాత వరమ్మ బయటికొచ్చింది. నువ్వెందుకే అంది రాహేలమ్మ. ముందేడు అడిగినా గదా అత్తా అని వరమ్మ వచ్చి నేలమీద కూర్చుంది. ఆమె వెనక ఇద్దరు అక్కచెల్లెళ్లు, వాళ్ల వెనక చంకలో బిడ్డతో ఒకామె. ఆ బిడ్డకే పోయిన వానల్లో రాహేలమ్మ పసరు పెట్టింది. తర్వాత ఏసేపు. నువ్వెప్పుడు తాగితివి అంటే, ఆకు నూరే రాయి కొట్టిచ్చింది నేనే గదా అన్నాడు. ఒక ముసలాయన, నేను అడగల్యా గానీ అడుగుదామని రెండుసార్లు బయలుదేరినా అని వచ్చినాడు. పేటంతా ఎండలోకి వచ్చి కూర్చుంటా ఉంటే బండ చాలలేదు.

ముందు వరసలో దాసన్న ఒక్కడే మిగిలినాడు. వరమ్మ లేచి కిటికీకాడికి పోయింది.

"రా, నువ్వూ రా."

"నేనెవర్నీ అడగల్యా" అన్నాడు దాసన్న లోపలినుంచి.

"అడిగింది నేను. కర్నూలు ఆస్పత్రి మందని చెప్పి మూడు పొద్దులు పాలల్లో పోస్తే తాగింది నువ్వు."

దాసన్న వచ్చేదానికి కొంచెం సేపు పట్టింది. వచ్చి, ఎవరి పక్కనా కూర్చోకుండా, గోడ నీడకు నిలబడినాడు.

చివరకు దొర గుమ్మంలోకి వచ్చినాడు. ఒక చేతిలో రొట్టె, ఒక చేతిలో గిన్నె. లోపల ఆయనతో మిగిలింది చాప మీద నిద్రపోయే చంటిబిడ్డ ఒకటే. "ఏమి జరిగినది?" అని అడిగినాడు. అందరూ ఒక్కసారి చెప్పినారు, అందుకని ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఉపదేశి లేచి, నాలుగు మాటల్లో చెప్పినాడు. అందులో రాహేలమ్మ రహస్యం లేదు. దొర అంతా విని, ఉపదేశి కండ్లు దగ్గరగా చూసినాడు. ఎన్ని దినములు అయినది అన్నాడు. మూడు పొద్దులు అని చెప్పినారు. దొర అంచుకే మిగిలిన పచ్చదనం ఇంకోసారి చూసి, ఊఁ అన్నాడు. రొట్టె, గిన్నె జాగ్రత్తగా కిటికీలో పెట్టినాడు.

"సంఘము బయట ఉన్నయెడల బల్లయు బయటికి రావలెను" అన్నాడు. చేతులు పైకి మడిచి, బల్ల ఒక కొస తానే పట్టుకున్నాడు. రెండో కొస ఉపదేశి పట్టుకున్నాడు.

బల్ల గుమ్మం దాకా వచ్చి ఆగింది. నిలువుగా తిప్పినారు, పట్టలేదు. పక్కకు వంచినారు, కాళ్లు తగులుకున్నాయి. అది గుడి గోడలు లేస్తా ఉన్నప్పుడు లోపలే కూర్చుని వడ్రంగి చేసిన బల్ల. రాతి దర్వాజా తర్వాత నిలబెట్టింది. ఆ దర్వాజా కొట్టిన ఏసేపు దూరంనుంచి చూసి, కొలతలో తప్పేమీ లేదు, బల్లే పెద్దది అన్నాడు. దొర మెడ ఇంకా ఎర్రబడింది. సగం లోపల, సగం బయట ఇరుక్కున్న బల్లకు అటువైపు దొర, ఇటువైపు ఉపదేశి. ఇంకెవరూ లోపలికి పోలేరు, లోపలున్నాయన బయటికి రాలేడు. చంటిబిడ్డ లేచి ఏడుపు మొదలుపెట్టింది.

దొర బల్ల మీద మోచేతులు ఆనించి, ఎండలో కూర్చున్న జనాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసినాడు.

"ఇది రాదు. మీరే రండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పిలిచింది తమనేనా అని ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. రాహేలమ్మ లేచింది.

"ఎట్ల రావల్ల దొరా, వాకిలికి బల్ల అడ్డముండాదే" అంది. "నువ్వు ఆ కొస కొంచెం ఎత్తు. నాయనా, నువ్వు నిన్నటిదాకా పసరు మీదుంటివి, పక్కకు జరుగు. వరమ్మా రా. దాసన్నా, నీడకు నిలబడింది చాలు, ఈ కాలు పట్టు."

దాసన్న వచ్చి కాలు పట్టుకున్నాడు. రాహేలమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, బల్ల అంచుమీద రెండు చేతులూ పెట్టి లోపలికి నూకింది. బల్ల ముందు పోయింది. దాని వెనక ఆమె పోయింది, ఆమె వెనక పేటంతా పోయింది.